మోర్గన్ స్టాన్లీ మన దేశానికి వచ్చిన తీరు

ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు అంటే మనం డబ్బు దాచుకునే బ్యాంకు కాదు. కంపెనీలకు పెట్టుబడి సమకూర్చడం, షేర్లు, బాండ్లు అమ్మిపెట్టడం, కంపెనీల కొనుగోళ్లు కుదర్చడం దాని పని. అమెరికాలో ఈ రెండు వ్యాపారాలను విడదీస్తూ 1933లో చట్టం వచ్చింది. దాంతో జె.పి. మోర్గన్ సంస్థలోని కొందరు బయటికి వచ్చి 1935లో న్యూయార్క్‌లో మోర్గన్ స్టాన్లీని స్థాపించారు.

1992లో మన ప్రభుత్వం విదేశీ సంస్థలకు షేర్ మార్కెట్ తలుపులు తెరిచింది. ఈ సంస్థ సామాన్య మదుపుదారుల ముందుకు వచ్చింది 1994 జనవరిలో, గ్రోత్ ఫండ్ అనే మ్యూచువల్ ఫండ్‌తో. యూనిట్ ధర 10 రూపాయలు. జనం బారులు తీరారు. ఊరికే ఇవ్వవలసిన దరఖాస్తు ఫారాలు బ్లాక్‌లో అమ్ముడుపోయాయి! చాలామంది దాన్ని కొత్త కంపెనీ షేరులా చూశారు. మార్కెట్లో నమోదైన రోజే ధర పెరుగుతుందని ఆశపడ్డారు. వసూలైన సొమ్ము సుమారు వెయ్యి కోట్లు.

కానీ అది 15 ఏళ్ల గడువు గల ఫండ్. మధ్యలో డబ్బు కావాలంటే యూనిట్లను స్టాక్ ఎక్స్ఛేంజీలో మరొకరికి అమ్ముకోవాలి. ఫండ్ ఆస్తుల లెక్కన యూనిట్ విలువ 10 రూపాయలే ఉందనుకుందాం. కొనేవాడు ఎనిమిదే ఇస్తానంటే ఆ ఎనిమిదే గతి. ఏళ్ల తరబడి ఆ యూనిట్లు పెట్టిన ధరకన్నా తక్కువకే చేతులు మారాయి. పెళ్లి ఖర్చుకో, వైద్యానికో అవసరపడి అమ్ముకున్నవారిదే అసలు నష్టం. ఇందులో మోసం జరిగిందని నేననను. పత్రంలో గడువు రాసే ఉంది, చదివినవారు తక్కువ. పేరే పూచీ అనుకున్నారు.

పెద్ద కంపెనీల వ్యవహారాల్లో మాత్రం ఆ సంస్థకు స్థానిక భాగస్వామి కావలసి వచ్చింది. ఏ పారిశ్రామికవేత్త ఇంటి తలుపు ఎలా తట్టాలో ముంబైవారికి తెలుసు. అందుకే 1990ల చివర్లో జె.ఎం. ఫైనాన్షియల్‌తో పొత్తు కుదిరింది. మార్కెట్ బాగా పెరిగాక, 2007లో ఇద్దరూ విడిపోయారు. షేర్ల వ్యాపారంలో భాగస్వామి వాటాకు మోర్గన్ స్టాన్లీ 44.5 కోట్ల డాలర్లు చెల్లించింది. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ కంపెనీలో తన వాటాను రెండు కోట్ల డాలర్లకు వదులుకుని, ఆ పనిని సొంతంగా మొదలుపెట్టింది.

మ్యూచువల్ ఫండ్ వ్యాపారాన్ని 2014లో హెచ్‌డిఎఫ్‌సికి అప్పగించింది.