ఇల్లు చేరిన ఆడబిడ్డ

"ఎప్పుడొచ్చావమ్మా? ఎన్నాళ్లుంటావు? అల్లుడుగారు రాలేదా?"

కోనసీమలో పుట్టింటికి వచ్చిన ఏ ఆడబిడ్డనైనా కాలువగట్టు మీద ఎదురైనవారందరూ అడిగే మాటలివి. వీటిలో చెడు ఏమీ లేదు. అడుగకపోతే పలుకరించలేదన్న నిష్ఠూరము కూడా వస్తుంది. కాని కాపురము చెడి వచ్చిన పిల్లకు ఈ మూడు మాటలూ ముళ్లే. మొదటిదానికి జవాబు చెప్పగలదు. రెండవదానికి జవాబు ఆమెకే తెలియదు. మూడవది విన్న తరువాత ఇక ఆ గట్టున నడువదు. కొట్టుకు వెళ్లవలసివస్తే కొబ్బరితోటలోనుండి దొడ్డిదారిన పోతుంది. కొన్నాళ్లకు ఆదివారము మందిరానికి రావడము కూడా మానుకుంటుంది.

భార్యాభర్తలు ఎలా కలిసి ఉండాలో పెండ్లిపీట మీద చెప్తారు, కూడికలలో చెప్తారు, పుస్తకాలలో వ్రాస్తారు. కలిసి ఉండలేక ఒకరు తిరిగి వచ్చినప్పుడు ఆ యింటి తల్లి, తండ్రి, అన్న, వదిన ఏమి చేయాలో చెప్పేవారు తక్కువ. ఆ నలుగురినీ దృష్టిలో ఉంచుకొని ఇది వ్రాస్తున్నాము.

కారణాల జోలికి ఎక్కువగా వెళ్లము. మన ప్రాంతములో అవి అందరికీ తెలిసినవే. త్రాగుడు, కట్నము, అనుమానము. వీటికి తోడు గల్ఫు. భర్త కువైట్‌లోనో దుబాయిలోనో ఉండి ఫోను చేయడము మానేసిన ఇళ్లున్నాయి. భార్య మస్కట్‌లో ఇంటిపనికి వెళ్లి నెలనెలా డబ్బు పంపుతుంటే, ఇక్కడ భర్త వేరొక కాపురము పెట్టిన ఇళ్లూ ఉన్నాయి. రాజోలు, మలికిపురము, మామిడికుదురు వైపు ఏ సంఘ కాపరిని అడిగినా ఇటువంటివి చెప్తారు.

మా యింటికి కూడా ఒక ఆడబిడ్డ ఇలాగే తిరిగి వచ్చింది. ఆమె అనుమతితోనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. వచ్చిన మొదటి వారము ఇల్లు పట్టనంతమంది వచ్చారు. కాపరిగారు వచ్చి ప్రార్థన చేశారు. స్త్రీల సమాజమువారు వచ్చారు. ఇరుగుపొరుగువారు కూరలు తెచ్చారు. పిన్నులూ, అత్తలూ కంట తడిపెట్టుకొని, "మేమున్నామమ్మా" అని చెప్పి వెళ్లారు. ఆ మాట మనసారా అన్నదే. కాని ఎవరి పొలము వారిది, ఎవరి పిల్లలు వారికి. నాలుగవ నెల వచ్చేసరికి రాకపోకలు తగ్గిపోయాయి.

అసలు కష్టము ఆ నాలుగవ నెలలోనే మొదలయింది. అంతవరకు ఆ పిల్లను కోపము నిలబెట్టింది. కోపము చల్లారాక దుఃఖము వచ్చి కూర్చున్నది. అటువైపునుండి వకీలు నోటీసు వచ్చింది. రాత్రిళ్లు నిద్ర లేదు, పగలు లేవబుద్ధి కాదు. "ఇన్నాళ్లయింది, ఇంకా అలాగే ఉందేమిటి?" అని ఊరిలో అనుకోవడము కూడా అప్పుడే మొదలయింది.

ఎన్నాళ్లు పడుతుందని అడిగేవారు కొబ్బరిచెట్టును చూడాలి. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను మన ప్రాంతములో వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది, లెక్కలేనన్ని కొబ్బరిచెట్లను కూల్చింది. కూలిపోక నిలిచిన చెట్లు కూడా మట్టలు విరిగి, గెలలు రాలి, మోడుల్లా ఉండేవి. మొవ్వు బ్రతికి ఉన్న చెట్టును రైతు నరకలేదు. అలాగని మరుసటి దింపుకు కాయలూ ఆశించలేదు. కొబ్బరికి కొత్త ఆకు ఇంచుమించు నెలకు ఒకటి చొప్పున వస్తుంది. నిండు చెట్టుకు ముప్పైకి పైగా ఆకులుంటాయి. తల నిండడానికే రెండు మూడేండ్లు కావాలి. పొత్తి విచ్చిన తరువాత కాయ ముదరడానికి మరో పదకొండు, పన్నెండు నెలలు. ఈ లెక్క తెలిసిన రైతే తన యింటి బిడ్డను నాలుగు నెలలకే "ఇంకా కోలుకోలేదేమి?" అని అడిగితే ఏమనాలి?

మా యింట ఆమెను మొదట ఆదుకొన్నది వాళ్ల అమ్మ. ఆ తల్లి చదువుకొన్నది తక్కువ. కూతురు వచ్చిన నాటినుండి ఒక్క ప్రశ్న వేయలేదు. వేళకు కంచములో అన్నము పెట్టి ప్రక్కన కూర్చొనేది. తినకపోతే తీసివేసి, గంట తరువాత పెరుగన్నము కలిపి తెచ్చేది. ఏలీయా ఎడారిలో బదరీవృక్షము క్రింద చావు కోరుకొని పడుకొన్నప్పుడు దేవుడు చేసినదీ ఇదే గదా. దేవదూత వచ్చి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. ఏలీయా తిని మరల పడుకొన్నాడు. రెండవసారి కూడా లేపి తినమన్నాడు. ఇక్కడేమి చేయుచున్నావన్న ప్రశ్న నలువది దినాలు నడిచి హోరేబు చేరాక గాని రాలేదు. మనమైతే బస్సు దిగకముందే అడుగుతాము.

యోబు స్నేహితుల సంగతి కూడా అంతే. వారు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాటైనా లేకుండా అతనితో నేల మీద కూర్చున్నారు. అంతవరకు వారంత మంచి స్నేహితులు లేరు. నోరు తెరచి కారణాలు వెదకడము మొదలుపెట్టాకే చెడింది. "నీవే కొంచెము ఓర్చుకోవలసిందమ్మా" అనే పెద్దలు, "ముందే చెప్పాను ఆ సంబంధము వద్దని" అనే మేనమామలు యోబు స్నేహితుల వంశమువారే. సంబంధము చెడ్డదని మీకు ముందే తెలిసిందనుకోండి, ఆ మాట ఇప్పుడు ఆమెకు ఎందుకు పనికివస్తుంది?

ఇక వదిన సంగతి. ఈ విషయములో వదినల తరఫున మాట్లాడేవారు మన సంఘాలలో ఎవరూ కనబడరు. ఆడపడుచు వచ్చిన ఇంట ఒకే పొయ్యి, ఇద్దరు ఆడవాళ్లు. వంటకు, గుడ్డలకు, వచ్చిపోయేవారికి కాఫీలకు, అన్నిటికీ బరువు మోసేది వదినే. ఆమె ఒక రోజు విసుక్కుంటే "ఆదరణ లేని మనిషి" అని పేరు. ఇంటి మగవారు కూర్చొని ముందుగానే కొన్ని సంగతులు తేల్చుకోవాలి. ఖర్చు ఎవరు ఎంత పెడతారు, పిల్లల బడి ఫీజు ఎవరిది, ఏ గది ఎవరిది. గది లేకపోతే తాళమున్న పెట్టె ఒకటైనా ఆడబిడ్డకు ఉండాలి. ఇవన్నీ పైకి చెప్పుకొంటే వదినకు తేలిక, ఆడపడుచుకు మర్యాద. మా యింట వదిన ఒక రోజు, "ఏమే, రేపటినుండి ప్రొద్దుటి వంట నీది, సాయంత్రము నాది" అన్నది. విన్నవారికి అది కఠినముగా తోచింది. ఆ పిల్ల మాత్రము ఆ రోజు మొదలు చుట్టముగా కాక ఇంటి మనిషిగా మెలిగింది.

పని మంచి మందు. అయితే కాపురము చెడిందనగానే కుట్టుమిషను కొనిపెట్టే అలవాటు మనకు ఒకటున్నది. కుట్టు ఇష్టమైతే సంతోషమే. డిగ్రీ సగములో మానిన పిల్లకు ఆ డిగ్రీ పూర్తిచేయించడము మేలు కావచ్చు. ఆమెను అడిగి చేయండి.

రాజీ గురించి జాగ్రత్తగా చెప్పాలి. కలిసే కాపురాలను కలపడము మంచిది, కాపరులు దానికి పాటుపడటము న్యాయము. కాని కొట్టే చేతికి బిడ్డను తిరిగి అప్పగించడము సమాధానపరచడము కాదు. "క్రైస్తవులకు విడాకులు లేవు" అన్న మాట ఇప్పటికీ కొందరు పెద్దలు అంటారు. సంఘ నియమము ఎలా ఉన్నా చట్టము మాట వేరు. 1869 నాటి విడాకుల చట్టము క్రింద భర్తకు భార్య వ్యభిచారము ఒక్కటే చాలేది. భార్యకైతే భర్త వ్యభిచారముతోపాటు క్రూరత్వమో, విడిచిపెట్టి పోవడమో కూడా రుజువు చేయవలసివచ్చేది. ఎంత కొట్టినా, కొట్టినందుకు మాత్రమే విడాకులు రావు. 1995లో కేరళ హైకోర్టు అమ్మిణి కేసులో ఈ తేడా చెల్లదన్నది. 2001లో పార్లమెంటు చట్టాన్నే మార్చింది. క్రూరత్వము ఒక్కటైనా, రెండేండ్లు విడిచిపెట్టి పోవడము ఒక్కటైనా ఇప్పుడు చాలు. ఇద్దరూ ఇష్టపడి విడిపోయే వీలు కూడా అప్పుడే వచ్చింది. కేసు నడిచే కాలానికి భార్య అడిగే భరణముపై వీలైనంతవరకు 60 రోజులలో తీర్పు ఇవ్వాలన్నదీ ఆ సవరణలోనే ఉన్నది. నెలకు 500 రూపాయలకు మించి మనోవర్తి ఇవ్వరాదన్న పాత హద్దు కూడా 2001లోనే పోయింది. 2005 నాటి గృహహింస చట్టము అన్ని మతాల స్త్రీలకు వర్తిస్తుంది.

వకీలుకు డబ్బు లేదని ఊరుకోవద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టము ప్రకారము ఆదాయముతో పని లేకుండా ప్రతి స్త్రీకి ఉచిత న్యాయ సహాయము పొందే హక్కున్నది. కోర్టు ఆవరణలోని న్యాయ సేవా కమిటీలో అడగవచ్చు, 15100కు ఫోను చేయవచ్చు. ఆపదలో ఉన్న స్త్రీలకు 181 ఉన్నది. ఇంటివారు చేయవలసిన చిన్న పని మరొకటి: సంఘమువారిచ్చిన పెండ్లి సర్టిఫికెట్టు, పెండ్లి ఫొటోలు, పెట్టిన బంగారము జాబితా, ఆధారు, బ్యాంకు పుస్తకము, పాసుపోర్టు ఒకచోట చేర్చి ఆమె పెట్టెలో పెట్టండి. మామగారి పెట్టెలోనో అన్నగారి బీరువాలోనో కాదు.

ఫోను గురించి ఒక మాట. ఇంట విడిపోయినవారు ఫోనులో విడిపోరు. అర్ధరాత్రి అతని వాట్సాప్ స్టేటసు చూచి, తెల్లవారేదాకా ఏడ్చే పిల్లలున్నారు. ఫోను లాక్కోవడము వలన లాభము లేదు, ప్రక్కవారి ఫోనులో చూస్తుంది. రాత్రి ఆమె ప్రక్కన చెల్లెలో, మేనకోడలో పడుకొంటే చాలావరకు తగ్గుతుంది. అతని కబుర్లు మోసుకువచ్చే చుట్టాలను మాత్రము గుమ్మములోనే ఆపవచ్చు.

మగపిల్లలను మరువరాదు. ప్రధానము అయి, సంఘములో పెండ్లి ప్రకటన చదివిన తరువాత సంబంధము తప్పిపోయిన కుర్రవాళ్లున్నారు. నాలుగేండ్లు ప్రేమించిన పిల్ల వేరొకరిని చేసుకొన్నవారున్నారు. వారు ఏడ్వరు, మాట్లాడరు. రేవు దగ్గరో, బ్రాందీషాపు దగ్గరో ఆలస్యము చేసి ఇంటికి వస్తారు. "మగాడివి, దులుపుకొని లేవరా" అన్న మాట వారిని ఇంకా దూరము తోస్తుంది. తండ్రి బండి మీద ఎక్కించుకొని అంబాజీపేట మార్కెట్టుకు తీసికొనివెళ్తే ఆ దారిలో ఏదో ఒకటి మాట్లాడతాడు. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పడు.

తిండి పూర్తిగా మానడము, తన వస్తువులు ఇతరులకు పంచివేయడము, "నేను లేకపోతే మీకందరికీ హాయి" అనడము, ఉన్నట్టుండి అందరికీ అప్పగింతలు చెప్పడము: ఇటువంటివి కనబడితే అది అలుకా, బెదిరింపా అని తర్కించవద్దు. చచ్చిపోవాలనిపిస్తోందా అని నెమ్మదిగా సూటిగానే అడగండి. అడిగినందువలన ఆ తలంపు పుట్టదు. అడగడము వలన వారికి చెప్పుకొనే చోటు దొరుకుతుంది. ఒంటరిగా వదలవద్దు. పొలము మందుల డబ్బాలు ఆ రోజే ఇంటినుండి తీసివేసి, వేరొకచోట తాళము వేయించండి. ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. డాక్టరు దగ్గరకు వెళ్లడము విశ్వాసము లేకపోవడము కాదు. మలేరియాకు మాత్ర మ్రింగి ప్రార్థన చేసే మనము దీనికి ఎందుకు వెనుకాడాలి?

ఆమె మొదటిసారి తిరిగి మందిరానికి వచ్చే ఆదివారము చాలా కష్టమైనది. ఆ రోజు ఇంటివారందరూ ఒకే వరుసలో కూర్చోండి, ఆమెను చివరన కూర్చోబెట్టకండి. కాపరిగారికి ముందే చెప్పండి, ఆ రోజు ప్రార్థనలో పేరెత్తవద్దని. మనవారు ప్రార్థనాంశాల పేరుతో అన్నీ చెప్పివేస్తారు.

ఇక పెండ్లిళ్లు. శుభలేఖ వచ్చినప్పుడు ఆమె పేరు కూడా వ్రాయమని ఇచ్చేవారికి చెప్పండి. ఇంటిలోనే పెండ్లి అయితే "శుభకార్యము గదా, ఆమె కొంచెము వెనుక ఉంటే మంచిది" అనే అత్తమ్మలు బయలుదేరుతారు. శకునాలు మనకు లేవని చెప్పుకొనే ఇళ్లలోనే ఈ మాట వినబడుతుంది. వారికి జవాబు ఇంటి పెద్దకొడుకు చెప్పాలి, ఆమె చెప్పుకోరాదు. వస్తానంటే ఏ చీర కట్టుకొంటావని ముందురోజే అడగండి. రానంటే బలవంతపెట్టకండి, ఒకరు ఇంటి దగ్గర తోడుండండి. తిరిగి వచ్చేటప్పుడు ఆ ఇద్దరికీ క్యారేజీలో భోజనము తెండి.