పెద్దమ్మ చేతికి ఏ పిస్టల్? స్పెక్ షీట్‌లో కనపడని నాలుగు టెస్టులు

ఫోన్ కొనాలన్నా, టీవీ కొనాలన్నా మా చుట్టాలందరూ ముందు నాకే కాల్ చేస్తారు. ఈసారి కాల్ చేసింది డల్లాస్ దగ్గర ఉండే మా పెద్దమ్మ. "ఏరా, నువ్వు అన్నీ చూసి రాస్తుంటావు కదా, నాకొక చిన్న తుపాకీ చూసి పెట్టరా" అంది. రెండు సెకన్లు నాకు మాట రాలేదు.

పెద్దమ్మకి 67 ఏళ్లు. నర్సుగా చేసి రిటైర్ అయ్యింది, అమెరికా సిటిజన్. పోయిన ఏడాది పెదనాన్న పోయారు. ఇప్పుడు ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. రెండు బొటనవేళ్ల మొదట్లో ఆర్థరైటిస్ ఉంది, పచ్చడి సీసా మూత కూడా నేను వెళ్లినప్పుడే తీయించుకుంటుంది. ఆ చేతులకి పనికొచ్చే పిస్టల్ ఏది అన్నదే అసలు ప్రశ్న.

ముందే ఒక మాట. ఇది అమెరికా సంగతి. మన దగ్గర ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్స్ లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకోవడమే నేరం. కాబట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని దీన్ని షాపింగ్ గైడ్‌లా చదవకండి. ఒక వస్తువు మనిషి చేతికి సరిపోతుందా లేదా అని ఎలా చూడాలో తెలుసుకోవడానికి చదవండి.

నా ఎక్సెల్ షీట్ ఎలా ఫెయిల్ అయ్యింది

అలవాటు ప్రకారం షీట్ తయారు చేశాను. బరువు, పొడవు, ఎన్ని బుల్లెట్లు పడతాయి, ధర. నా లెక్కలో ఫస్ట్ వచ్చింది రూగర్ ఎల్‌సీపీ. .380 ఏసీపీ క్యాలిబర్, బరువు దాదాపు 270 గ్రాములు, అంటే కవర్ వేసిన పెద్ద ఫోన్ కంటే కొంచెమే ఎక్కువ. సెకండ్ వచ్చింది స్మిత్ అండ్ వెసన్ 642 రివాల్వర్. ఐదు రౌండ్లు, 410 గ్రాముల బరువు. "చిన్న చెయ్యి, చిన్న గన్" అన్నదే నా లాజిక్.

షాప్ కౌంటర్ దగ్గర ఆ లాజిక్ ఐదు నిమిషాలు కూడా నిలవలేదు. ఎల్‌సీపీ స్లయిడ్‌ని పెద్దమ్మ లాగితే సగం దాకా వచ్చి ఆగిపోయింది. పట్టుకోవడానికి చోటే లేదు, వేళ్లు జారిపోయాయి. 642 ట్రిగ్గర్ నొక్కడానికి రెండో చేతి వేలు కూడా కావాల్సి వచ్చింది. "ఇది నా పర్సులో పడుతుంది సరే, నా చేతిలో పడటం లేదు కదరా" అంది.

ఆ రోజు అర్థమైన విషయం ఇది: ఫోన్‌లో చిన్నది అంటే తేలిక. తుపాకీలో చిన్నది అంటే కష్టం. అందుకే స్పెక్ షీట్ మూసేసి, చేతితో చేసే నాలుగు టెస్టులు పెట్టుకున్నాం. ఇవన్నీ ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండగా, గన్ ఖాళీగా ఉందని ఇద్దరూ చూసుకున్నాకే. ఆఖరి టెస్ట్ మాత్రం షూటింగ్ రేంజ్‌లో.

టెస్ట్ 1: స్లయిడ్ తనంతట తను లాగగలదా?

సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో మొదటి రౌండ్ ఛాంబర్‌లోకి వెళ్లాలంటే పైనున్న స్లయిడ్‌ని పూర్తిగా వెనక్కి లాగి వదలాలి. గన్ ఖాళీ చేయాలన్నా, మధ్యలో జామ్ అయితే సరిచేయాలన్నా ఇదే పని. ఇది చేయలేకపోతే ఆ గన్ ఆమెది కానట్టే.

లోపల రెండు రకాల మెకానిజం ఉంటుంది. పాత .380లు చాలావరకు, ఉదాహరణకి వాల్తర్ పీపీకే, బ్లోబ్యాక్ రకం. వీటిలో బ్యారెల్‌కి, స్లయిడ్‌కి లాక్ ఉండదు. పేలుడు ఒత్తిడిని ఆపేది స్లయిడ్ బరువు, స్ప్రింగ్ బలమే. అందుకే స్ప్రింగ్ గట్టిగా పెట్టాలి, లాగడం కష్టమవుతుంది. రెండోది లాక్డ్ బ్రీచ్. ఇందులో బుల్లెట్ బయటికి వెళ్లేదాకా బ్యారెల్, స్లయిడ్ లాక్ అయి కలిసి కదులుతాయి. కాబట్టి స్ప్రింగ్ మెత్తగా పెట్టుకోవచ్చు. అయితే అసలు ఎల్‌సీపీ కూడా లాక్డ్ బ్రీచే. మెకానిజం మంచిదైనా సైజు మరీ తగ్గిస్తే పట్టు దొరకదు, పొట్టి స్ప్రింగ్ గట్టిగానే ఉంటుంది.

టెక్నిక్ కూడా ముఖ్యం. ఇన్‌స్ట్రక్టర్ పెద్దమ్మకి చూపించింది ఇది: స్లయిడ్‌ని రెండు వేళ్లతో గిల్లినట్టు పట్టుకోకూడదు. నాలుగు వేళ్లూ, అరచెయ్యీ పైనుంచి వేసి గన్‌ని ఛాతీకి దగ్గరగా ఉంచాలి. తర్వాత స్లయిడ్‌ని లాగడం కాదు, గ్రిప్ ఉన్న చేతిని ముందుకి తోయాలి. బలం వేళ్లది కాదు, భుజానిది. గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే, వేలు ట్రిగ్గర్ బయటే.

టెస్ట్ 2: మ్యాగజైన్ నింపగలదా?

ఎవరూ రివ్యూల్లో చెప్పని పాయింట్ ఇది. మ్యాగజైన్‌లో ఒక్కో రౌండ్‌నీ బొటనవేలితో కిందికి నొక్కుతూ పెట్టాలి. చివరి రెండు రౌండ్ల దగ్గర కుర్రాళ్లకే వేలు నొప్పి పుడుతుంది. బొటనవేలి కీలు అరిగిన మనిషికి ఇంకెలా ఉంటుందో చూడండి. నింపడం నొప్పి అయితే ప్రాక్టీస్‌కి వెళ్లరు. ప్రాక్టీస్ లేని గన్ ఇంట్లో ఉన్నా ప్రమాదమే. దీనికి మ్యాగ్ లోడర్ అని చిన్న ప్లాస్టిక్ పరికరం దొరుకుతుంది, తప్పకుండా తీసుకోవాలి.

టెస్ట్ 3: ట్రిగ్గర్ ఒక్క వేలితో, గురి చెదరకుండా

"పెద్దవాళ్లకి రివాల్వర్ ఇవ్వండి, సింపుల్" అనే సలహా చాలామంది ఇస్తారు. అందులో నిజం ఉంది. స్లయిడ్ లేదు, మ్యాగజైన్ లేదు, పట్టు బలహీనంగా ఉన్నా జామ్ అవ్వదు. కానీ చిన్న డబుల్ యాక్షన్ రివాల్వర్‌ల ట్రిగ్గర్ దాదాపు 5 కిలోల బలం అడుగుతుంది. ఐదు కిలోల బియ్యం సంచిని చూపుడువేలితో లేపినట్టు, అది కూడా చెయ్యి వణకకుండా. నొక్కేలోపే గురి పక్కకి పోతుంది. మంచి సెమీ ఆటోమేటిక్‌లో అదే పని రెండు, రెండున్నర కిలోలతో అయిపోతుంది.

టెస్ట్ 4: వెనక్కి తన్నడం, మన ఇంటర్ ఫిజిక్స్

ఇక్కడే చిన్న గన్ మోసం బయటపడుతుంది. బుల్లెట్ ముందుకి ఎంత మొమెంటంతో వెళ్తుందో, గన్ వెనక్కి అంతే మొమెంటంతో వస్తుంది. ఒక .380 బుల్లెట్ బరువు 6.2 గ్రాములు, వేగం సెకనుకి 290 మీటర్లు అనుకుందాం. మొమెంటం సుమారు 1.8 కిలోగ్రామ్ మీటర్ పర్ సెకండ్. గన్ చేతికిచ్చే ఎనర్జీ అంటే మొమెంటం స్క్వేర్‌ని గన్ బరువుకి రెండింతలతో భాగించడమే.

270 గ్రాముల గన్‌కి ఇది 6 జౌల్స్ వస్తుంది. 520 గ్రాముల గన్‌కి 3.1 జౌల్స్. గన్‌పౌడర్ గ్యాస్‌ని లెక్కలో వేస్తే రెండు నంబర్లూ ఇంకా పెరుగుతాయి, కానీ నిష్పత్తి మారదు. ఒకే బుల్లెట్, బరువు రెట్టింపైతే దెబ్బ సగం. పర్సులో తేలిగ్గా ఉన్న గన్ చేతిలో గట్టిగా కొడుతుంది. మోయడం రోజూ ఉండే పని అయితే తేలిక కావాలి. బెడ్‌రూమ్‌లో ఉండే గన్‌కి కొంచెం బరువు వరం.

మరి అసలు తన్నని .22 ఎల్‌ఆర్ తీసుకుంటే? నేర్చుకోవడానికి బెస్ట్. పెద్దమ్మ కూడా మొదటి రెండు క్లాసులు దాంతోనే కాల్చింది. కానీ రిమ్‌ఫైర్ రౌండ్లు పేలకుండా ఉండిపోయే అవకాశం సెంటర్‌ఫైర్ కంటే ఎక్కువ, బుల్లెట్ శక్తి కూడా తక్కువ. చేతులు దేనికీ ఒప్పుకోకపోతే అప్పుడు అదే సరైన ఎంపిక.

మిగిలింది ఏది?

నాలుగు టెస్టులూ పాసైంది స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీ 380 షీల్డ్ ఈజీ. 2018లో వచ్చింది. లాక్డ్ బ్రీచ్, లోపల హ్యామర్ ఉన్న డిజైన్ కాబట్టి స్లయిడ్ చాలా తేలిగ్గా వస్తుంది. బరువు సుమారు 525 గ్రాములు, మ్యాగజైన్‌లో 8 రౌండ్లు. మ్యాగజైన్ పక్కన చిన్న బుడిపె ఉంటుంది, దాన్ని కిందికి లాగి పట్టుకుంటే రౌండ్లు సులువుగా జారతాయి.

మైనస్‌లు కూడా ఉన్నాయి. గ్రిప్ వెనక సేఫ్టీ ఉంటుంది, అరచేతితో గట్టిగా పట్టుకోకపోతే గన్ పేలదు. పట్టు వదులైతే ఏ సెమీ ఆటోమేటిక్ అయినా జామ్ అయ్యే అవకాశం ఉంది. దీని అన్న 9 ఎంఎం షీల్డ్ ఈజీ సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఒకటి చూసుకోండి: 2020లో తయారైన కొన్నింటికి హ్యామర్ సమస్య మీద కంపెనీ అదే ఏడాది నవంబర్‌లో రీకాల్ ఇచ్చింది, సీరియల్ నంబర్ చెక్ చేయించాలి.

రూగర్ సెక్యూరిటీ 380 కూడా స్లయిడ్ తేలిగ్గా వచ్చే మోడలే. అసలు స్లయిడ్ లాగడమే కుదరని వాళ్లకి బ్యారెల్ వెనక భాగం పైకి లేచే బెరెట్టా టామ్‌క్యాట్ లాంటివి ఉన్నాయి. రౌండ్‌ని నేరుగా బ్యారెల్‌లో పెట్టి మూసేయడమే.

నేను ఎందుకు ముట్టుకోలేదు

కౌంటర్ అబ్బాయి గన్ నాకు అందించబోతే నేను చేతులు వెనక్కి పెట్టుకున్నా. నేను హెచ్-1బీ మీద ఉన్నాను. ఎఫ్-1, హెచ్-1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ, బుల్లెట్లు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. వీకెండ్ సరదాగా రేంజ్‌కి వెళ్లి ఫోటోలు పెట్టే మన స్టూడెంట్స్‌లో చాలామందికి ఇది తెలియదు. ఒక్క ఫోటో వీసాకే ఎసరు పెట్టొచ్చు. పెద్దమ్మ కాలుస్తుంటే నేను అద్దం వెనకే నిల్చున్నా.

కొనడం కూడా ఆమే కొనాలి. ఫారం 4473 ఆమే నింపాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఆమె పేరు మీదే జరగాలి. "నా కార్డుతో కొనేసి ఇస్తాలే" అనే మన మర్యాద ఇక్కడ పనికిరాదు.

అడగడానికి కష్టమైన ప్రశ్న

ఫారం నింపే ముందు రోజు రాత్రి పెద్దమ్మని ఒకటి అడిగాను. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. పెదనాన్న పోయి ఇంకా ఏడాదే అయ్యింది. ఎలా అడగాలో తెలియక డైరెక్ట్‌గానే అడిగేశాను, "పెద్దమ్మా, రాత్రిళ్లు నిద్ర పడుతోందా? నువ్వు బాగానే ఉన్నావా?"

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ముప్పై ఏళ్లు ఆ ప్రశ్న నేను పేషెంట్లని అడిగాను. నన్ను అడిగింది నువ్వొక్కడివే" అంది. ఆ రాత్రి రెండు గంటలు మాట్లాడుకున్నాం. కొనడం మూడు నెలలు వాయిదా వేసింది. ఆ మూడు నెలల్లో వెనక తలుపుకి గట్టి డెడ్‌బోల్ట్, మోషన్ లైట్లు, డోర్‌బెల్ కెమెరా పెట్టించాం. ఒంటరితనం కోసం ఒక గ్రీఫ్ గ్రూప్‌కి వెళ్లడం మొదలుపెట్టింది.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా అడిగితే, మోడల్ పేరు చెప్పే ముందు ఈ ప్రశ్న అడగండి. మనిషి దిగులుగా ఉన్నా, మతిమరుపు మొదలైనా సమాధానం ఏ పిస్టలూ కాదు. అమెరికాలో 988కి ఎప్పుడైనా కాల్ చేయొచ్చు.

ఫైనల్‌గా

మూడు నెలల తర్వాత పెద్దమ్మ షీల్డ్ ఈజీ కొనుక్కుంది. దాంతో పాటు ఒక చిన్న సేఫ్. ఫింగర్‌ప్రింట్ సేఫ్ నేనే వద్దన్నాను. అరిగిన, పొడిబారిన వేళ్లని ఆమె ఫోన్ సెన్సారే సగం సార్లు గుర్తుపట్టదు. బటన్లు నొక్కే మెకానికల్ లాక్ తీసుకున్నాం, బ్యాటరీ అయిపోయే గొడవ కూడా లేదు. మనవలు వచ్చినా, పనివాళ్లు వచ్చినా గన్ అందులోనే. చెవులకి ఇయర్‌ప్లగ్స్, వాటి మీద ఇయర్‌మఫ్స్, ఎందుకంటే ఒక్క షాట్ 140 డెసిబెల్స్ దాటుతుంది.

నెలకోసారి రేంజ్‌కి వెళ్తోంది. స్లయిడ్ తనే లాగుతుంది, మ్యాగజైన్ తనే నింపుతుంది. పచ్చడి సీసా మూత మాత్రం ఇప్పటికీ నాకే ఇస్తుంది.