కృతజ్ఞతాస్తుతి

వరికోతలు ముగిసి ధాన్యము ఇల్లు చేరిన పిమ్మట మన గ్రామములలోని క్రైస్తవ దేవాలయములందు కోతపండుగ జరుగుట వినువారిలో పలువురు చూచియే యుందురు. ఒకరు బుట్టెడు వడ్లు, ఒకరు గుమ్మడికాయ, ఒకరు అరటిగెల, ఏమియు లేని ముదుసలి రెండు కోడిగ్రుడ్లు తెచ్చి గుడిలో నుంచుదురు. ఆరాధన ముగిసిన తరువాత వానిని వేలము వేయుదురు. ఆ రెండు గ్రుడ్లకు అంగడివెల కెన్నియో రెట్లు పలుకుటయు కలదు. బేరమునకు వచ్చినవాడు అట్లు పాడడు. ఇచ్చట కొనువాడును ఇచ్చువాడే. క్రైస్తవ మతమున కృతజ్ఞత యనుమాట కేమి యర్థము గలదో, అది ఈ చిన్న వేడుకలో చాలవరకు ఇమిడియున్నది. దానిని కొంచెము విప్పి చూతము.

దేవునియందు శక్తి మాత్రమే యున్నదని తలచినచో మనకు కలుగునది భయము. దయ యుండియు శక్తి లేనివాడని తలచినచో ఆయన మనతోకూడ దుఃఖింపగలడే కాని ఆదుకొనలేడు. ఈ రెండును ఒక్కచోట నున్నవను నమ్మకమునుండియే క్రైస్తవుని కృతజ్ఞత పుట్టుచున్నది. కీర్తనల గ్రంథమున 136వ కీర్తన దీనికి మంచి నిదర్శనము. అందు 26 చరణములు గలవు. ప్రతి చరణమును దేవుని కృపకు అంతము లేదను ఒకే పల్లవితో ముగియును. ఆకాశము, భూమి, సూర్యచంద్రులు మొదట వచ్చును. పిమ్మట ఐగుప్తు దాస్యమునుండి విడుదల వచ్చును. తుదకు ప్రాణులన్నిటికిని ఆహారమిచ్చుట వచ్చును. నక్షత్రములను నిలిపిన చేయియే పిడికెడు అన్నమును పెట్టుచున్నదని ఆ వరుసకు భావము.

కృతజ్ఞత మేలు పొందినంతనే తనంతట కలుగునది కాదని లూకా సువార్తలోని పదిమంది కుష్ఠరోగుల కథ తెలుపుచున్నది. పదిమందియు దూరమున నిలిచి మొరపెట్టిరి, పదిమందియు స్వస్థులైరి. తిరిగివచ్చి కృతజ్ఞత చెప్పినవా డొక్కడే. అతడును యూదులు దూరముగా నుంచిన సమరయుడు. తక్కిన తొమ్మండుగురి స్వస్థతను క్రీస్తు తిరిగి తీసికొన్నట్లు కథలో లేదు. మేలునకు కృతజ్ఞత వెల కాదు. అయినను తిరిగివచ్చినవానికి లభించినది వేరొకటి: మేలు మాత్రమే కాదు, మేలుచేసినవాని సన్నిధి.

దైవమునకు కృతజ్ఞత చెప్పి పొరుగువానిని మరచుట కూడ ఈ గ్రంథములకు సమ్మతము కాదు. ద్వితీయోపదేశకాండమున ప్రథమఫలముల విధి కలదు. రైతు క్రొత్త పంటను గంపలో తెచ్చి, తన పూర్వులు దిక్కులేక తిరిగిన సంగతిని, దాస్యమున పడిన బాధను పలుకవలెను. పిమ్మట పరదేశితో కలసి సంతోషింపవలెను. పొలము కోయునప్పుడు అంచులవరకు కోయక, రాలిన పరిగెను బీదలకు విడువవలెనని లేవీయకాండము చెప్పుచున్నది. తన పూర్వపు పేదరికమును మరువనివాడే ఇతరుల పేదరికమును చూడగలడు.

అయినచో పంట పండనినాడు, ఇంట శవము లేచిననాడు కృతజ్ఞత యెట్లు చెప్పుదుమని ఎవరైన అడుగవచ్చును. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. జర్మనీలో ఐలెన్‌బుర్గ్ అను పట్టణము కలదు. 1618 మొదలు 1648 వరకు సాగిన ముప్పదియేండ్ల యుద్ధమున చుట్టుప్రక్కల జనులు ప్రాణభీతితో ఆ పట్టణమును చేరిరి. 1637లో అచ్చట మహామారి ప్రబలెను. మార్టిన్ రింకార్ట్ అను బోధకుడు నాలుగువేలకు పైగా మృతులకు అంత్యక్రియలు జరిపెనని చరిత్ర చెప్పుచున్నది. వారిలో ఆయన భార్యయు నొకతె. దేవునికి కృతజ్ఞతలు చెల్లింపుడని పిలుచునట్టి, నేడు లోకమంతట పాడబడుచున్న జర్మన్ కీర్తనను ఆ యుద్ధకాలముననే ఆయన ఇంటి భోజనప్రార్థనగా వ్రాసెను. అది దుఃఖము లేదను మాట కాదు. కీర్తనల గ్రంథమునందును స్తుతులతోపాటు మొరలు ఎన్నియో కలవు. ఏడ్చుట అవిశ్వాసమని ఆ గ్రంథ మెన్నడును చెప్పలేదు. దుఃఖమే తుదిమాట కాదని మాత్రమే చెప్పినది.

కృతజ్ఞతకు వెల కట్టరాదనుటకు మన తెలుగునాటనే ఒక దృష్టాంతము కలదు. 1876–78 నాటి మహాక్షామమును మన పెద్దలు ధాతకరువని చెప్పుకొనిరి. అప్పుడు ఒంగోలులో నున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడుమైళ్లకు పైగా త్రవ్వకమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించెను. అట్లు బ్రదికినవారిలో ఊరిబయట నుంచబడిన మాదిగ కుటుంబములవారు అనేకులు. వారిలో పలువురు బాప్తిస్మము కోరిరి. అన్నముకొరకు మతము మారిరను మాట రాకుండుటకై ఆయన ఏడాదికి పైగా ఎవరికిని బాప్తిస్మ మీయలేదు. సహాయపుపనులు ముగిసిన పిమ్మట కూడ వారు వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన ఒక్కదినముననే 2,222 మంది గుండ్లకమ్మ యేటిలో బాప్తిస్మము పొందిరి. ఆ రాకకు కారణములు ఒక్కొక్కరి హృదయమున వేరుగా నుండవచ్చును. కాని కూలి ముగిసిన తరువాత తనంతట వచ్చినవానిని కూలికై వచ్చినవాడని యనుట న్యాయము కాదు. కృతజ్ఞతకు స్వేచ్ఛ యవసరమని ఆ నిరీక్షణ తెలుపుచున్నది.

క్రైస్తవుల ముఖ్యారాధనయగు ప్రభురాత్రి భోజనమునకు యూకరిస్తియా అను గ్రీకుపేరు కలదు. దానికి కృతజ్ఞత చెల్లించుట యని యర్థము. క్రీస్తు రొట్టె నెత్తి కృతజ్ఞత చెల్లించినది విజయదినమున కాదు. తాను పట్టుబడబోవు రాత్రి. చెల్లించిన వెంటనే దానిని విరిచి పంచిపెట్టెను. కృతజ్ఞత చెప్పుటయు పంచుటయు ఆయన చేతులలో ఒకే పనియైనవి.

కోతపండుగనాటి ముదుసలి తెచ్చిన గ్రుడ్లు దేవునికి కొరతగా నున్నవి కావు. ఆమె ఇంట కొరతగా నున్నవి. అయినను ఇచ్చుటకు తనవద్దను ఏదో కలదని ఆనాడు ఆమె తలయెత్తి నిలుచుచున్నది. రేపు మన ఇంట అన్నపు పళ్లెము ముందు కూర్చున్నప్పుడు ఒక్క నిముషము ఆగి, ఇది ఎవరి దయ, ఎవరి చెమట, ఇందు ఎవరికి పాలున్నదని తలచుకొందుము గాక. ఏ మతమువారికైనను ఆ నిముషము వ్యర్థము కాదని మా నమ్మకము.