సైబర్ టవర్స్ పక్కన వెండి తీగ

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ నుంచి కూతవేటు దూరంలో ఉంటుంది శిల్పారామం. గుండ్రటి సైబర్ టవర్స్ భవనం 1998లో తెరుచుకుంది. అంతకు ఆరేళ్ల ముందే, 1992లో, చేతిపనివారి కోసం 65 ఎకరాల శిల్పారామం ఊహ పుట్టింది. ఇప్పుడు చుట్టూ అద్దాల మేడలు, లోపల చెట్లు, మట్టిగోడలు, అంగళ్లు.

చేతిపనుల్లో నా మనసు వెండి తీగ పని దగ్గరే ఆగిపోతుంది. కరీంనగర్ ఫిలిగ్రీ కుంకుమభరిణె ఒకటి వెలుగుకు ఎత్తిపట్టి చూడండి, మూతలోంచి ఆకాశం కనిపిస్తుంది. వెండిని కమ్మచ్చు బెజ్జాల్లోంచి లాగి లాగి సన్నం చేస్తారు. రెండు తీగలు పురిపెట్టి, అదిమి, పట్టకారుతో సుడులు చుట్టి, చట్రంలో ఒత్తుగా పేర్చి టంకం వేస్తారు. వేడి కాస్త ఎక్కువైతే తీగంతా కరిగి ముద్దవుతుంది. ఎలగందుల నుంచి కరీంనగర్‌కు చేరిన ఈ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఇది కూర్చుని చేసే పని. నడవలేని పిల్లకైనా చూపు, వేళ్లు, ఓపిక ఉంటే పట్టుబడుతుంది. ఇంగ్లండులో నూరేళ్ల కిందట ఈ సంగతి గ్రహించినావిడ సదర్లాండ్ డచెస్ మిలిసెంట్. స్టాఫర్డ్‌షైర్ కుండల పరిశ్రమలో సీసం విషం మీద పోరాడింది ఆవిడే. ఆ ప్రాంతపు వికలాంగ పిల్లలకు లోహపు పని నేర్పే సంఘం పెట్టి, వెండి, రాగి సామాను చేయించింది. దానికి అప్పట్లో పెట్టిన పేరు ఇవాళ పలకడానికి నోరు రాదు. వస్తువులు మాత్రం నిలిచాయి. అడుగున ఆ పేరు పొడి అక్షరాలు డి.ఎస్.సి.జి. ముద్ర ఉంటే పాతసామాను సేకరించేవారు ఇప్పటికీ వెతికి కొంటారు, పనితనం చూసి.

మన దగ్గర ఆ పని ఎందుకు కాకూడదు? సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి మేధో వైకల్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వారికి వృత్తి శిక్షణ ఇచ్చే పథకాలు పెట్టాలని ప్రభుత్వాలకు చెప్పింది. ఇక డబ్బు సంగతి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు నికరలాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టాలి. అందుకు అనుమతించిన పనుల జాబితాలో దివ్యాంగులకు ఉపాధి నైపుణ్యాలూ ఉన్నాయి, సంప్రదాయ హస్తకళలూ ఉన్నాయి. రెండింటినీ కలిపి ఒక్క పనిశాల పెడితే చాలు. కరీంనగర్ పెద్దపనివారే గురువులు, నేర్చుకునేవారికి నెలనెలా కూలి, వస్తువు మీద వాళ్ల ముద్ర.

మాదాపూర్ ఐటీ కారిడార్‌లో ఏటా దీపావళికి ఉద్యోగులకు పెట్టెలకొద్దీ కానుకలు పంచుతారు. ఆ జాబితా తయారుచేసే కుర్చీలో మీరుంటే, ఈసారి ఒక్క వరుస వెండి తీగ పనికి రాయండి.