ఆపత్కాల వైద్యము: ఊరికొక ఖర్చు ఏల?

కల్లములో వేరుసెనగ కుప్పకు కావలి పరుండిన రైతును అర్ధరాత్రివేళ పాము కరచినదనుకొందము. ఇంటివారు మొదట మంత్రగానియొద్దకు కొనిపోవుదురు. గంట గడచును. పిమ్మట బాడుగ కారు మాటలాడుకొని చేరువ పట్టణమునకు పోవుదురు. తలుపు తట్టిన మొదటి ఆసుపత్రిలో విషమునకు విరుగుడు మందు లేదు. ఒక సూది వేసి, సెలైను పెట్టి, పెద్ద ఊరికి పొమ్మందురు. తెల్లవారుసరికి రోగి మూడవ ఆసుపత్రి చేరును. అదృష్టవశమున బ్రదికినను, ఆ యింట అప్పు మిగులును.

ప్రక్క గ్రామమున అట్లే పాము కరచిన మరియొక రైతు ఉన్నాడు. అతని ఇంటివారు వెంటనే 108కి ఫోను చేసిరి. వాహనము నేరుగా ప్రభుత్వాసుపత్రికి చేర్చెను. విరుగుడు మందు ఉచితముగా దొరకెను. పాము ఒకటే, కాటు ఒకటే, మందు ఒకటే. ఖర్చు మాత్రము ఒకటి గాదు. ఈ భేదము ఎట్లు కలుగుచున్నదో, దానిని తగ్గించుటకు పంచాయతీ సభ్యులు ఏమి చేయగలరో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

బిల్లులో చేరునవి

అత్యవసర విభాగములో ఇచ్చు బిల్లు వైద్యుని ఫీజు మాత్రమే గాదు. రాత్రివేళ పరీక్షకు రుసుము, రక్తపరీక్షలు, ఎక్సురే, స్కాను, ఆక్సిజను, మందులు, పడక అద్దె, రోగి స్థితి విషమించినచో తీవ్ర చికిత్సా విభాగపు దినచార్జీ, ఇవన్నియు అందు చేరును. ఒక ఆసుపత్రి నుండి మరియొక దానికి మారినప్పుడెల్ల ఇందులో కొన్ని మరల మొదటి నుండి చెల్లింపవలసి వచ్చును. బాడుగ, తోడు వచ్చినవారి భోజనము, పోయిన కూలి బిల్లులో కనబడవు గాని అవియు ఖర్చులే.

2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే లెక్కలు ఇచ్చట గమనింపదగినవి. ప్రసవములు గాక, ఆసుపత్రిలో చేరిన ఒక్కొక్క సందర్భమునకు దేశములోని గ్రామీణులకు సగటున ప్రభుత్వాసుపత్రిలో 4,290 రూపాయలు, ప్రైవేటు ఆసుపత్రిలో 27,347 రూపాయలు వైద్యవ్యయమైనది. పట్టణవాసులకు ఆ మొత్తములు 4,837, 38,822 రూపాయలు. ఇవి అన్నివిధములైన చేరికలకు వర్తించు లెక్కలే గాని అత్యవసర చికిత్సకు ప్రత్యేకించినవి కావు. అయినను రెండు సంగతులు తేలుచున్నవి. ప్రభుత్వాసుపత్రిలో కూడ చేతి ఖర్చు బొత్తిగా లేకపోలేదు. ప్రైవేటు ఆసుపత్రిలో అది ఆరేడు రెట్లు, పట్టణవాసుల విషయమున అంతకన్నను హెచ్చు.

సిద్ధముగా నుండుటకు వెల

అత్యవసర వైద్యము ఇతర వైద్యమువంటిది కాదు. రోగి వచ్చినను రాకున్నను వైద్యుడు మేలుకొని యుండవలెను. నర్సు, రక్తము, యంత్రము సిద్ధముగా నుండవలెను. వారమునకు 168 గంటలు. ఒక మనిషి వారమునకు 48 గంటలు పనిచేసినచో, ఒక్క కుర్చీ ఖాళీ లేకుండుటకే మువ్వురు చాలరు. సెలవులను కూడ లెక్కించినచో నలుగురికి తక్కువ గాదు.

ఒక రాత్రి ఇట్లు సిద్ధముగా నుండుటకు ఒక ఆసుపత్రికి 12,000 రూపాయలగునని లెక్క సౌకర్యమునకై అనుకొందము. ఆ రాత్రి నలుబదిమంది రోగులు వచ్చినచో తలకు 300 రూపాయలు పడును. నలుగురే వచ్చినచో తలకు 3,000 పడును. ప్రభుత్వాసుపత్రిలో ఈ వ్యయమును ప్రజలందరు పన్నుల రూపమున భరించుచున్నారు. ప్రైవేటు ఆసుపత్రిలో ఆ రాత్రి వచ్చినవారే భరింపవలెను. ధరల భేదమునకు మూలకారణ మిదియే.

మెట్ట సీమలో దూరపు భారము

2011 జనాభా లెక్కల ప్రకారము నాటి కడప జిల్లాలో చదరపు కిలోమీటరునకు 188 మంది, కర్నూలు జిల్లాలో సుమారు 230 మంది నివసించుచుండిరి. కృష్ణా జిల్లాలో ఆ సంఖ్య ఐదువందలకు పైబడినది. డెల్టాలో ఊరు విడిచిన ఊరు కనబడును. మన సీమలో నల్లరేగడి చేలు, గుట్టలు, నల్లమల అడవి దాటిన గాని మరియొక ఊరు రాదు. జనము పలుచగా నున్నచోట రాత్రింబగళ్లు తెరచియుండు ఆసుపత్రి నడుపుట ప్రైవేటు వారికి గిట్టదు. అందుచే అవి కర్నూలు, నంద్యాల, కడప, ప్రొద్దుటూరు వంటి పట్టణములలోనే చేరినవి. దూరము పెరిగిన కొలది బాడుగయు, జబ్బు తీవ్రతయు పెరుగును. ఆలస్యముగా చేరిన రోగికి ఎక్కువ మందు, ఎక్కువ దినములు కావలసివచ్చును గనుక బిల్లును పెరుగును.

ఆదోని నుండి కర్నూలునకు సుమారు 100 కిలోమీటర్లు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1వ తేదీ వరకు బళ్లారి జిల్లాలోనివి. జిల్లా మారినది గాని దారి మారలేదు; నేటికిని ఆలూరు వైపువారు ఆపద వచ్చినచో బళ్లారికి పోవుట కలదు. బద్వేలు, పోరుమామిళ్ల వైపువారు కడపకో నెల్లూరునకో పోవుదురు. రాయచోటివారు కడపకో తిరుపతికో పోవుదురు. కర్నూలులో నయము గాదన్నచో హైదరాబాదునకు రెండువందల కిలోమీటర్లకు పైగా ప్రయాణము.

రాష్ట్రపు హద్దు దాటుట ఎల్లప్పుడు సులభము గాదు. 2021 మే నెలలో, కరోనా తీవ్రముగా నున్నప్పుడు, ఆంధ్రప్రదేశ్ నుండి హైదరాబాదునకు పోవు అంబులెన్సులను కర్నూలు చేరువనున్న పుల్లూరు వద్ద నిలిపివేసిరి. తెలంగాణ హైకోర్టు కల్పించుకొని ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చినది. దగ్గరలో వైద్యము లేకుండుట ఎంత ప్రమాదకరమో ఆ దినములలో మన సరిహద్దు గ్రామములకు తెలిసివచ్చినది.

అయినను సీమలో ప్రభుత్వ వైద్యము క్రమముగా విస్తరించినది. 1956లో కర్నూలు వైద్య కళాశాల, 2006లో కడప రిమ్స్, 2023లో నంద్యాల ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనవి. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలకు పొరుగు జిల్లాలనుండియు, పొరుగు రాష్ట్రములనుండియు రోగులు వచ్చుచుందురు.

పెద్ద నగరములో ధర ఏల హెచ్చు?

ఎక్కువమంది రోగులు వచ్చినచో తలకు పడు ఖర్చు తగ్గవలెను గదా, మరి హైదరాబాదులో బిల్లు ఏల పెద్దది అని సభ్యులు ప్రశ్నింపవచ్చును. నగరములో స్థలము వెల, అద్దె, జీతములు హెచ్చు. పెద్ద యంత్రములు, గుండెకు, మెదడునకు వేర్వేరు నిపుణులు అచ్చటనే ఉందురు. కఠినమైన జబ్బులన్నియు అచ్చటికే చేరును. కేంద్ర ప్రభుత్వము కూడ తన ఉద్యోగుల ఆరోగ్య పథకమున నగరములను తరగతులుగా విభజించి వేర్వేరు రేట్లు నిర్ణయించుచున్నది.

మందుల సంగతి వేరు. అత్యవసరమైన పలు మందులకు కేంద్రము దేశమంతటికి ఒకే గరిష్ఠ ధర నిర్ణయించుచున్నది. 2017 ఫిబ్రవరిలో గుండె రక్తనాళములలో అమర్చు స్టెంటులకు కూడ అట్టి హద్దు విధించిరి. కావున ఒకే మందు కడపలో ఒక ధర, హైదరాబాదులో ఒక ధర అనుట సామాన్యముగా సరికాదు. ఎన్ని మందులు, ఎన్ని పరీక్షలు, ఎన్ని దినములు అను దానిలోనే భేదమున్నది.

ఇతర దేశములలోను ఈ సమస్య ఉన్నది. బ్రిటనులో 1948 నుండి జాతీయ ఆరోగ్య సేవ క్రింద అత్యవసర చికిత్సను పన్నుల సొమ్ముతో ఉచితముగా జరుపుచున్నారు. అమెరికాలో అత్యవసర రోగిని డబ్బు లేదని త్రోసివేయరాదని 1986లో చట్టము చేసిరి. అయినను బిల్లు పిమ్మట వచ్చును, అది ఊరికొక రీతిగా, ఆసుపత్రికొక రీతిగా ఉండును. చికిత్స హక్కు వేరు, ఖర్చు భారము వేరు అని దీనివలన తెలియుచున్నది.

చట్టము ఇచ్చు అండ

అపాయస్థితిలోనున్న మనిషికి ముందు చికిత్స చేయవలెనని, పోలీసు కాగితములకై కాచుకొనరాదని, ఇది ప్రభుత్వ వైద్యులకును ప్రైవేటు వైద్యులకును వర్తించునని సుప్రీంకోర్టు 1989లో తీర్పు చెప్పినది. ప్రభుత్వాసుపత్రులు అత్యవసర చికిత్స నిరాకరించుట జీవించు హక్కునకు భంగమని 1996లో తీర్పు చెప్పినది.

రోడ్డు ప్రమాదములలో గాయపడినవారికై 2025 మే 5వ తేదీన కేంద్రము ఒక పథకము ప్రకటించినది. దాని ప్రకారము ఎంపికయైన ఆసుపత్రులలో ప్రమాదదినము మొదలు ఏడు దినములవరకు, ఒక్కొక్కరికి లక్షన్నర రూపాయలకు మించకుండ, రొక్కము చెల్లింపనవసరము లేని చికిత్స లభించును. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చిన పుణ్యాత్ముని వేధింపరాదని 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించిరి. కర్నూలు, డోన్ మీదుగా పోవు జాతీయ రహదారి ప్రక్కనున్న పంచాయతీలు ఈ సంగతులను ప్రజలకు తప్పక తెలుపవలెను.

2007లో ఆరోగ్యశ్రీగా ప్రారంభమై, ఇప్పుడు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ అను పేరనున్న పథకమున జాబితాలోని చికిత్సలకు ముందే నిర్ణయించిన రేట్లు కలవు. అత్యవసరమైనచో ఆరోగ్యమిత్ర ఫోనుద్వారా అనుమతి కోరవచ్చును. అయితే పథకములో చేరిన ఆసుపత్రియే కావలెను. చికిత్స జాబితాలోనిదే కావలెను. వివరములకు 104 నంబరునకు ఫోను చేయవచ్చును.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది, ఏ ఆపదకు ఏ ఆసుపత్రికి పోవలెనో ముందే నిర్ణయించుకొనవలెను. పాముకాటునకు విరుగుడు మందు ఏ ప్రభుత్వాసుపత్రిలో సిద్ధముగా నున్నది? రాత్రివేళ కాన్పు ఆపరేషను ఎచ్చట జరుగును? తలకు దెబ్బ తగిలినచో స్కాను ఎచ్చట కలదు? ఈ మూడు ప్రశ్నలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారిని అడిగి, జవాబులను పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను. మూడు నెలలకొకసారి సరిచూడవలెను.

రెండవది, 2005 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రమున ఉచితముగా నడచుచున్న 108 వాహనమునకు దారి సుగమము చేయవలెను. వీధి మలుపులలో రాళ్లు, గడ్డివాములు లేకుండ చూడవలెను. కొట్టాలకు, తోటలకు పోవు దారుల గుర్తులు చెప్పగల యువకులు ఇద్దరు ప్రతి వార్డులో ఉండవలెను.

మూడవది, పాముకాటు విషయమున ప్రజలకు బోధింపవలెను. కరచిన అంగమును కదలనీయరాదు. గట్టిగా కట్టుకట్టుట, కోయుట, నోటితో పీల్చుట కూడదు. పామును పట్టుటకై కాలము వ్యర్థపరుపరాదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికిని ఒకటే విరుగుడు మందు పనిచేయును. పింజరి విషము రక్తమునకు ఎక్కినదో లేదో శుభ్రమైన గాజుగొట్టములో కొంచెము రక్తము తీసి ఇరువది నిమిషములు కదలింపక ఉంచి, గడ్డకట్టినదో లేదో చూచి వైద్యులు తెలిసికొందురు. ఈ పరీక్షకు పెద్ద ఆసుపత్రి అక్కరలేదు.

నాలుగవది, ఆధారు, రేషను కార్డు, పాత వైద్యపు కాగితములు ఒక సంచిలో నుంచుకొనుమని ప్రతి ఇంటికి చెప్పవలెను. ప్రైవేటు ఆసుపత్రిలో చేరినచో అంచనా అడుగవలెననియు, వివరములతో కూడిన బిల్లు, రసీదు, పరీక్షల ఫలితములు తీసికొనవలెననియు తెలుపవలెను. ఆ కాగితములు వెంట ఉన్నచో మరియొక ఆసుపత్రిలో అవే పరీక్షలు మరల చేయింపవలసిన అవసరము తగ్గును.

నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి 50,000 అప్పు తెచ్చినచో ఏడాదికి వడ్డీయే 18,000 రూపాయలు. వానపై ఆధారపడిన శనగ రైతు రెండు పంటలు పోయినచో ఆ అప్పు తీర్చలేడు. ఆసుపత్రుల ధరలను నిర్ణయించుట పంచాయతీ చేతిలో లేదు. కాని ఆపద వచ్చిన రాత్రి ఏ తలుపు తట్టవలెనో ముందే తెలిపియుంచుట పంచాయతీ చేతిలోనే ఉన్నది. రాబోవు గ్రామసభలో ఈ విషయమును మొదటి అంశముగా చేర్చవలసినదిగా సభ్యులకు మనవి చేయుచున్నాము.