డ్రాప్‌డౌన్ మెనూ ఒక్కో బ్రౌజర్‌లో ఒక్కోలా ఎందుకు?

తెలంగాణలోని యాప్రాల్‌లో ఉండే విద్యార్థి ఆన్‌లైన్ దరఖాస్తులో జిల్లా ఎంచుకోవాలంటే, 33 పేర్ల జాబితా తెరిచి మేడ్చల్-మల్కాజిగిరిని వెతకాలి. కంప్యూటర్‌లో ఆ జాబితా సాధారణంగా పెట్టె కిందే తెరుచుకుంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెర మధ్యకు వచ్చేస్తుంది. ఎందుకని?

వెబ్‌సైట్ మనకు పంపేది బొమ్మ కాదు, సూచనలు. వాటిని చదివి తెరపై గీసేది బ్రౌజర్‌లోని ఇంజిన్. సాధారణంగా క్రోమ్, ఎడ్జ్‌లలో బ్లింక్, సఫారీలో వెబ్‌కిట్, ఫైర్‌ఫాక్స్‌లో గెకో. ఆ సూచనల్లో జాబితా కోసం 'సెలెక్ట్' ట్యాగ్ రాస్తే, జాబితా రూపాన్ని చాలావరకు బ్రౌజర్, ఫోన్ వ్యవస్థలే నిర్ణయిస్తాయి. అది మంచిదే! వేలికి, కీబోర్డుకు, చూపులేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు ఆ జాబితా వెంటనే అందుతుంది.

పేజీ పైభాగాన ఉండే మెనూలది వేరే కథ. 2001లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6, మౌస్ పైకి రాగానే రూపం మార్చే 'హోవర్' సూచనను లింకులకు తప్ప వేటికీ పాటించేది కాదు. దాంతో డెవలపర్లు కాస్త జావాస్క్రిప్ట్ జోడించి మెనూలు తెరిపించేవారు. ఇప్పుడు చిక్కు టచ్ తెరలది: వేలు తెరను తాకకుండా పైన తిరిగితే సాధారణంగా ఫోన్‌కు తెలియదు.

మరి అన్నిచోట్లా పనిచేయించడం ఎలా? మెనూ నొక్కితే తెరుచుకోవాలి, ఎస్కేప్ కీతో మూసుకోవాలి. తెలుగు జాబితాకైతే వరుస ఎత్తు కాస్త ఎక్కువివ్వాలి. లేకుంటే 'మేడ్చల్'లో చ వత్తు కింద తెగిపోవచ్చు. ఆ పేరునే మూడు ఇంజిన్లలోనూ తెరిచి చూడండి.