పలుగురాతి గర్భమున నల్లని చారలు

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రమందలి నేపర్‌విల్ పట్టణము క్రింద నున్న మూలశిల పలుగురాయి గాదు. 40 కోట్ల సంవత్సరములకు మించిన పూర్వకాలమున ఇచట నిండియుండిన వెచ్చని, లోతులేని సముద్రము అడుగున పేరుకొని గట్టిపడిన డోలొమైట్ సున్నపురాయి. 1931లో సెంటెనియల్ బీచ్ అను పేర ఈతకొలనుగా మార్చిన పాత గనులలో పూర్వులు త్రవ్వినది ఈ జాతి శిలనే. అట్టి నేలపై, డ్యూపేజ్ నది పశ్చిమశాఖ ఒడ్డున గులకల నడుమ గాని, ఇంటి పునాదికై తోడిన మట్టిలో గాని, నల్లని చారలను గర్భమున దాల్చిన తెల్లని పలుగురాయి కంటబడెనేని, అది ఉత్తరమునుండి హిమానీనదములు మోసికొనివచ్చిన పరదేశపు రాయి యని తెలియవలెను. కెనడా, సుపీరియర్ సరోవర ప్రాంతముల ప్రాచీన శిలలను ఒరసి పెకలించిన ఆ మంచు, కడపటి హిమయుగము ముగియుచుండగా కరగి, తన బరువునంతయు ఇచట దించిపోయినది.

ఇక ఆ నలుపు ఏ ఖనిజము? రంగు నొక్కదానిని నమ్మి తీర్పు చెప్పుట తగదు. నల్లని ఖనిజములు పెక్కు గలవు. భూతద్దము క్రింద ఆకారమును పరికింపుడు. నిలువు గాడులు గల పొడవైన పుల్లలై, విరిగిన కొన ఉబ్బిన భుజముల త్రిభుజమువలె కనబడినచో, అది నల్ల టూర్మలీన్ అగుటకు మిక్కిలి అవకాశము గలదు. గ్రానైట్ ద్రవము చల్లారుచు గడ్డకట్టునపుడు బోరాన్ కడవరకు మిగిలిన నీటిపాలు ద్రవములో చేరును. పలుగు సైతము అందుండియే పేరుకొనును గనుక ఈ రెండును తరచు జతగా పుట్టును. గూడూరు ప్రాంతపు అభ్రకపు గనుల నెరిగిన మన నెల్లూరివారికి ఈ జంట క్రొత్త గాదు.

హార్న్‌బ్లెండ్ అను మరియొక నల్లని ఖనిజము అట్లు గాక, సుమారు 56, 124 డిగ్రీల కోణముల కలియు నునుపైన తలములుగా చీలును. ఉక్కుసూదితో గట్టిగా గీచిన గీత పడును, టూర్మలీన్‌పై పడదు. సూదిమొనకు పలుచని రేకులై లేచివచ్చునది నల్ల అభ్రకము, అనగా మన కాకిబంగారము. దారమునకు వ్రేలగట్టిన అయస్కాంతమును దాపునకు తెచ్చినపుడు అది వాలినచో మాగ్నెటైట్ అనవచ్చును. మెరుగు లేని పింగాణిపై రాచినపుడు ఎర్రని గీత వచ్చునది హెమటైట్. పగుళ్లవెంట మాత్రమే చెట్టుకొమ్మలవలె ప్రాకిన నలుపు గర్భములో పుట్టినది కానేకాదు. తరువాతి కాలమున నీటివెంట చొచ్చిన మాంగనీసు మరక. దీనిని శిలాజమైన మొక్క యని భ్రమించువారు అనేకులు.

నేపర్‌విల్ చెంతనే ఓక్ బ్రూక్‌లో నున్న లిజాడ్రో మ్యూజియమున సానపట్టిన శిలలను చూచుట కంటికి మంచి శిక్షణ. ఖనిజము పలుగు లోపల పూర్తిగా మూతబడియున్నచో గీతపరీక్షలు చెల్లవు. అంతమాత్రమున రాతిని పగులగొట్టవలదు. పారదర్శకమైన పలుగులోనికి లేజరు కిరణమును పంపి, చెదరి వచ్చిన కాంతిని బట్టి ఖనిజమును గుర్తించు విధానము నేటి ప్రయోగశాలలలో గలదు. దానికి మూలము, బాల్యమున విశాఖపట్టణమున చదివిన సి.వి. రామన్ 1928లో కనుగొనిన కాంతిధర్మమే.